పత్రికకు వ్రాయుట: విద్యార్థులకును, తలిదండ్రులకును ఒక మనవి

ప్రతి సంవత్సరమును ఈ వార్షిక సంచికకు విద్యార్థుల యొద్దనుండి రచనలు వచ్చుచుండును. వానిని చదివి, ఏర్చి, దిద్దు పని కొన్నేండ్లుగా మాపై బడియున్నది. వచ్చిన కాగితములను బల్లమీద పేర్చుకొని కూర్చుండినపుడెల్ల మాకొక విచారము కలుగును. కథలు వచ్చును, పద్యములు వచ్చును, పొడుపుకథలు వచ్చును. వ్యాసములును వచ్చును గాని, అవి చాలవరకు కాలము విలువ, ఐకమత్యము, చెట్ల వలని లాభములు, క్రమశిక్షణ అను శీర్షికల క్రిందనే యుండును. అడుగున నున్న పేరు చించివేసినయెడల ఏది యెవరు వ్రాసిరో కన్నతల్లియైనను గుర్తుపట్టజాలదు. ఏ యూర నున్న విద్యార్థియైనను వ్రాయదగిన వ్యాసము నిజమునకు ఎవరును వ్రాయని వ్యాసమే యని మా తలంపు.

మా అభిప్రాయమును మొదటనే చెప్పివేసెదము. తాను కన్నులార చూచినదానిని, నలుగురినడిగి తెలిసికొన్నదానిని, ఉన్నదున్నట్లు వ్రాయుట యొక విద్య. అట్లు వ్రాసినదానిని పాఠశాల గోడలు దాటించి, బాలుర రచనలు ప్రకటించు పత్రికకు పంపి, దాని సంపాదకుని తీర్పునకు నిలుచుట మరియొక విద్య. ఈ రెండును సెలవుదినముల వినోదములు గావు, చదువులో భాగములే. అయితే ఈ పనిలో పిల్లలకంటె పెద్దలమే యెక్కువ తప్పులు చేయుచున్నాము. ఆ తప్పులలో మాది యొకటి గలదు గనుక, ఇతరులకు బుద్ధి చెప్పుటకు ముందు దానినే చెప్పుకొందుము.

కొన్ని సంవత్సరముల క్రిందట తొమ్మిదవ తరగతిలో ఒక నేతవారి బాలుడు చదువుచుండెను. మాటకారి కాడు. తెలుగు పరీక్షలో అతనివి ఎప్పుడును నడిమి మార్కులే. ఒక బాలల పత్రికవారు ‘మా యింటి పని’ అను విషయమును గూర్చి విద్యార్థుల వ్యాసములు కోరగా ఆ ప్రకటనను తరగతిలో చదివి వినిపించితిమి. మరునాడతడు లెక్కల పుస్తకమునుండి చింపిన రెండు కాగితములను మా బల్లమీద నుంచి, ఏమియు ననక పోయి తన చోట గూర్చుండెను.

ఆ కాగితములలో నున్న దిది. తెల్లవారుజామున పడుగును వీధి పొడవున సాగదీసి కర్రలమీద నిలుపుట. దానికి గంజి పట్టించి కుంచెతో దువ్వుట. ఎండ ముదరకముందే పని ముగింపవలసిన తొందర. చినుకు పడినచో ఇంటిల్లిపాదియు పరుగెత్తుట. బడికి వచ్చుటకు ముందు తాను రాట్నముమీద చుట్టవలసిన కండెల లెక్క. అందులో నొక వాక్యము మాకిప్పటికిని జ్ఞాపకమున్నది: “మా నాయన లేవగానే ముందు మబ్బు చూస్తాడు, తర్వాతే మొహం కడుక్కుంటాడు.”

మేమేమి చేసితిమి? ఎర్రసిరా కలము తీసితిమి. ఇది వ్యాసమువలె లేదు, ముచ్చటవలె నున్నదని తలంచితిమి. పల్లెలు దేశమునకు పట్టుగొమ్మలనియు, చేనేత పల్లెలకు ప్రాణమనియు నొక ఉపోద్ఘాతము చేర్చితిమి. మబ్బు సంగతి గంభీరముగా లేదని కొట్టివేసితిమి. కండెల లెక్క అప్రస్తుతమని తీసివేసితిమి. కడపట ఎల్లరును చేనేత బట్టలనే ధరింపవలెనని యొక ప్రబోధమును తగిలించితిమి. బాలుడు దానిని ముత్యములవంటి యక్షరములతో తిరుగ వ్రాసి తెచ్చెను. పత్రికవారి నియమము ననుసరించి, అది ఆ విద్యార్థి స్వంత రచనయే యని మేము అడుగున సంతకము చేసితిమి. చేయునపుడు మా చేయి వణకలేదు. ఇప్పుడు తలంచుకొన్నపుడెల్ల మాకు సిగ్గు కలుగునది ఆ వణకకపోవుటను గూర్చియే.

మూడు వారములకు జవాబు వచ్చెను. సంపాదకులు మాకు గాక బాలునికే వ్రాసిరి. వ్యాసము చక్కగా నున్నదని గాని, లేదని గాని అనలేదు. మూడు ప్రశ్నలు మాత్రమడిగిరి. ఇందులో నీ చేతులతో నీవు చేయు పని యేది? మీ వీధిలో పని యెన్ని గంటలకు మొదలగును? వాన వచ్చినచో ఏమి చేయుదురు? మూడింటికిని జవాబులు మేము కొట్టివేసిన వాక్యములలోనే యున్నవి. బాలుడా యుత్తరమును తెచ్చి మాకు చూపి, ఏమియు ననక నిలుచుండెను. ఏదైన అనియుండినచో మాకు కొంత సులభముగా నుండెడిది.

అదృష్టవశమున మొదటి కాగితములను అతడు దాచుకొనియుండెను. ఈసారి అక్షరదోషములను మాత్రము చూపి, పంపుటకు ముందు ఇంటిలో చదివి వినిపింపుమని చెప్పితిమి. తండ్రి చదువుకొన్నవాడు కాడు. మగ్గముమీదనే కూర్చుండి యంతయు విని, “అంతా బాగానే ఉంది గానీ, గంజి కాచేది నేనని రాశావేంరా? రోజూ తెల్లారగట్ల లేచి కాచేది మీ అమ్మ గదా” అనెనట. బాలుడు ఆ వాక్యమును మార్చెను. వ్యాసము కొంత కుదింపబడి, ఆ పత్రికలో అచ్చయ్యెను. తండ్రి యా పుటను మగ్గము ప్రక్క గోడకంటించెను. తల్లి ‘మా అమ్మ’ అను మాట యెక్కడ నున్నదో వ్రేలు పెట్టి చూపుమనెనట.

ఈ కథ మాకు మూడు సంగతులు నేర్పినది. మొదటిది: బాలునికి చెప్పవలసిన సంగతి యున్నది, అది మాకు లేదు. నేతను గూర్చి మేమెరిగినది పుస్తకములలోనిది. అతడెరిగినది తన వీధిలోనిది. రెండవది: నిజమని తలంచి వ్రాసినది యంతయు నిజము కాదు. కన్నతల్లి ప్రతిదినము చేయు పనినే ఆ బాలుడు తండ్రికి ఆరోపించెను. అబద్ధమాడవలెనని కాదు, చూడక పోవుటచేత. అడిగి సరిచూచుకొనుట లేనిచో కన్నులయెదుట నున్నదియు తప్పిపోవును. మూడవది: సంతకమనగా సాక్ష్యము. పిల్లవాని పేరు పెట్టి పెద్దవాని మాటలు పంపుట అబద్ధసాక్ష్యమే. దానికి దయ యని, సహాయమని ఏ పేరు పెట్టినను దాని స్వభావము మారదు.

ఈ మూడవ సంగతి క్రొత్తది కాదు. అమెరికాలో సెయింట్ నికొలస్ అను పిల్లల మాసపత్రిక 1873లో మొదలయ్యెను. 1899లో ఆ పత్రికవారు బాలరచయితలకై ఒక సమితి నేర్పరచి, మంచి రచనలకు వెండి, బంగారు పతకముల నిచ్చుచుండిరి. వారి నియమములు కొద్దివి, స్పష్టమైనవి. కాగితమునకు ఒకవైపుననే వ్రాయవలెను. పేరు, వయస్సు, చిరునామా తెలుపవలెను. ఆ రచన మరియొకచోటనుండి దింపినది గాదనియు, పంపినవారి స్వంతమేననియు తల్లిగాని, తండ్రిగాని, ఉపాధ్యాయుడుగాని నిస్సందేహముగా నమ్మి, సంతకము చేయవలెను. సంతకము పెట్టుట కాదు, నమ్మి పెట్టుట ముఖ్యమని వారి యుద్దేశము.

ఆ పత్రికలో 1918 సెప్టెంబరు సంచికయందు రేచల్ కార్సన్ అను బాలిక రచన యొకటి వెలువడెను. ఆమె 1907లో పెన్సిల్వేనియాలో జన్మించినది. ఆమె యన్న సైన్యమున వైమానిక శాఖలో నుండి ఇంటికి వ్రాసిన జాబులో ఒక విమానవీరుని సంగతి తెలిపెను. దానినాధారముగా చేసికొని ఆమె వ్రాసినది. ఆ రచనకు వెండి పతకము లభించెను. పది పదునొకండేండ్ల పిల్ల రచన గదా యని దానిని గొప్ప చేయుట మా యభిప్రాయము కాదు. ఆమె తరువాతి నడక చూడుడు. కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యము చదువబోయి, నడుమ జీవశాస్త్రమునకు మారెను. వ్రాయు నేర్పు మాత్రము చాలదు, వ్రాయుటకు సంగతి కావలెను గదా. తరువాత ప్రభుత్వపు మత్స్యశాఖలో పని చేయుచు, సముద్రజీవులను గూర్చిన యొక చిన్న పుస్తకమునకు పీఠికగా కొన్ని పుటలు వ్రాసెను. ఆమె పై యధికారి వానిని చదివి, ఇవి ప్రభుత్వపు కరపత్రమునకు తగినవి కావు, ఇంతకంటె మంచి చోటికి పంపదగినవని చెప్పి, అట్లాంటిక్ మంత్లీ అను పత్రిక పేరు సూచించెను. 1937 సెప్టెంబరులో ఆ వ్యాసమందులో అచ్చయ్యెను. దానినుండి 1941లో ఆమె మొదటి గ్రంథము పుట్టెను. 1951లో వెలువడిన సముద్రగ్రంథములోని ప్రకరణములను పలు పత్రికలు తొలుత నిరాకరించినవి. ఆమె పంపుట మానలేదు. 1962లో పురుగుమందుల వలని కీడును గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము లోకమునంతను కదలించినది. పది సంవత్సరములకు, 1972లో, ఆమె దేశమున పంటలపై డి.డి.టి. చల్లుట నిషేధింపబడెను. అప్పటికామె లేదు.

ఈ వృత్తాంతమున ఆ యధికారి చేసిన పనిని మా తోడి యుపాధ్యాయులు గమనింపవలెనని కోరుచున్నాము. ఆయన ఆమె వ్యాసమును తిరుగ వ్రాయలేదు. ఇది మంచిదని చెప్పెను. పంపదగిన చోటు చూపెను. ఉపాధ్యాయుడు చేయదగిన సహాయమంతయు ఆ రెండు మాటలలో నున్నది.

పరదేశపు మాట యేల యని యెవరైన అందురేమో. మన యింటి మాటయే చెప్పెదము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. దారిలో ఏ యూర నీరు మంచిది, ఎచ్చట అంగళ్లున్నవి, ఎచ్చట దిగుటకు వసతి కలదు, బాట యెట్టిది, జనుల యాచారము లెట్టివి యని నాటి సంగతి నాడే వ్రాసికొని, కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లయను మిత్రునికి పంపుచు వచ్చిరి. వీరాస్వామయ్యగారు 1836లో గతించిరి. 1838లో శ్రీనివాసపిళ్లగారు ఆ వ్రాతలను గ్రంథముగా ప్రకటించిరి. నాటి మహాకావ్యము లెన్నింటినో లోకము మరచినది గాని, ఈ ప్రయాణపు వ్రాతలను నేటికిని చరిత్రకారులు వెదకి చదువుచున్నారు. కారణమేమి? ఆ దినమున ఆ బాటను నడచినవాడు చూచిన సంగతి మరియొకరెవ్వరును చెప్పలేరు గనుక.

గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో బడిపంతులు. అచ్చటి కొండలలోని సవరల మాట విని, దాని నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణమును, నిఘంటువును సమకూర్చిరి. ఆయనకు సంగతి దొరకినది దూరదేశమున గాదు. తాను పని చేయు ఊరి సంతలో వినబడు మాటలలోనే. ఆయనయే వాడుకభాషలో వ్రాయవలెనని పోరాడిన మహనీయుడు. మేమీ వ్యాసమును గ్రాంథికమున వ్రాయుచు ఆయనను పొగడుట కొందరికి నవ్వు పుట్టింపవచ్చును. మాకు అలవాటైన నడక యిది. మా శిక్షణకళాశాలలో చేతికి బట్టిన కలము ఇది. అయినను పిల్లలకు మా నడకను అంటగట్టరాదని మగ్గపు బాలుని మబ్బు మాకు నేర్పినది. వారి నోటి మాట స్వచ్ఛమైనదైనచో ఆ మాటలోనే వ్రాయనిండు.

బాలుర రచనలకు మన భాషలో చోటు లేదనుటయు సరిగాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. తరువాత ప్రసిద్ధులైన ముళ్లపూడి వెంకటరమణగారి మొదటి కథ ఆ సంవత్సరమే, ఆయనకు పదునాలుగేండ్ల ప్రాయమున, అందులో వెలువడెను. 1947లో పుట్టిన ‘చందమామ’ను చదివి పెరిగిన తరములు మన యిండ్లలో నున్నవి. ఆ రెండును ఇప్పుడు వెలువడుట లేదు. కాని దినపత్రికల పిల్లల పుటలు, బాలల మాసపత్రికలు, పాఠశాలల సంచికలు ఉన్నవి. తలుపు తట్టువారు తక్కువ.

తలుపు తట్టు రీతి యెట్టిదో విద్యార్థులకు చెప్పవలెను. మొదట, ఏ పత్రికకు పంపదలచితిరో దాని సంచికలు మూడైనను చదువుడు. అందులో ఏ పుటలో ఎట్టివి వేయుచున్నారు, ఎంత పొడవు, ఏ వయస్సువారివి అని చూడుడు. పెండ్లికి పిలువనివారి పందిరిలో కూర్చున్నట్లు, కథలు మాత్రమే వేయు పత్రికకు వ్యాసము పంపి, వారు వేయలేదని నొచ్చుకొనుట తగదు.

రెండవది, విషయమును చిన్నది చేసికొనుడు. ‘నీటి యెద్దడి’ అను విషయమున మీరు చెప్పగలది లేదు. ‘మా వీధి కొళాయివద్ద ఉదయము ఆరు గంటలనుండి ఏడు గంటలవరకు’ అనునప్పుడు మీకంటె బాగుగా చెప్పగలవారు లేరు. ఒక చిన్న పుస్తకము పట్టుకొని అచ్చట నాలుగు దినములు నిలువుడు. ఎన్ని బిందెలు వచ్చినవి, ఎవరు ముందు నిలిచిరి, ఏ మాటకు తగవు పుట్టెను, నీరు ఎప్పుడు నిలిచెను – వ్రాసికొనుడు. ఎదుటివారి మాటను వారన్నట్లే వ్రాసికొనుడు. వారు వృద్ధులైనను, చదువురానివారైనను, వారి యనుమతి లేక వారి పేరు వ్రాయకుడు. ఇరుగుపొరుగు తగవు పత్రికకెక్కినచో నవ్వువారికి నవ్వు. ఆ యింటివారికి ఏడుపు.

మూడవది, సంపాదకునికి ముందుగా ఒక చిన్న జాబు వ్రాయుడు. కొన్ని పత్రికలు వ్యాసమునే నేరుగా పంపుమని చెప్పును. అట్లైనచో అట్లే చేయుడు. లేనియెడల ఈ జాబు వలన మీ శ్రమయు, వారి శ్రమయు తగ్గును. అందులో నాలుగు సంగతులు చాలును: మీరెవరు, మీ విషయమేమి, అది మీకెట్లు తెలిసినది, ఎంత పొడవున ఎప్పటికి పంపగలరు. ‘తమ అమూల్య పత్రిక’ యని పొగడనక్కరలేదు. ‘అల్పజ్ఞుడనగు నేను’ అని క్రుంగనక్కరలేదు. ఒక బాలిక యిట్లు వ్రాసినదనుకొందము:

“అయ్యా, నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా అవ్వ మా ఊరి సంతలో ఎన్నో ఏళ్లుగా చింతపండు అమ్ముతోంది. నేను నాలుగు ఆదివారాలు ఆమె పక్కన కూర్చుని బేరాలు ఎలా జరుగుతాయో రాసుకున్నాను. కొన్నవాళ్లను, అమ్మేవాళ్లను మొత్తం ఆరుగురిని అడిగాను. తూకంలో మోసం ఎలా కనిపెడుతుందో మా అవ్వ చెప్పింది, అది కూడా రాస్తాను. మీ ‘మా ఊరు’ పుటకు ఐదు వందల మాటల్లో రాసి పది రోజుల్లో పంపగలను. మీకు కావాలంటే తెలియజేయండి.”

ఈ జాబును చదివిన సంపాదకుడు ఏమి తలంచును? ఈ పిల్ల అచ్చట కూర్చున్నది; ఈమెకు సంగతి తెలియును; మా పత్రికను చదివినది; చెప్పిన గడువునకు పంపును – అని తలంచును. అంతకంటె సంపాదకునికి కావలసినది లేదు. జాబు తపాలాలో పంపినను, కంప్యూటరు ద్వారా పంపినను నియమమొక్కటే. ఇంటి చిరునామాకు బదులు పాఠశాల చిరునామా నిచ్చుట మంచిది. జవాబు వచ్చినపుడు తలిదండ్రులకో ఉపాధ్యాయునికో చూపక ముందుకు సాగకుడు. వ్యాసపు నకలు మీయొద్ద నుంచుకొనుడు. ఒకే వ్యాసమును ఒకేమారు రెండు పత్రికలకు పంపకుడు. ఇద్దరును అచ్చువేసినచో ఇద్దరియెదుటను మాట పోవును.

నాలుగవది, ఓర్పు. నెల దినములు చూచి, జవాబు రానిచో మర్యాదగా ఒక్కమారు జ్ఞాపకము చేయుడు. అంగీకరించి, ఇది తీసివేయుము, అది చేర్చుము అన్నచో ఎందుకో ఆలోచించి చేయుడు. మీ సంగతియే మారిపోవునట్లున్నచో, అది నిజము కాదని వినయముగా చెప్పుడు. అట్లు చెప్పుట అవిధేయత గాదు. వద్దని త్రిప్పి పంపినచో ఆ దినము విచారపడుడు. మరునాడు వ్యాసమును మరల చదువుడు. వద్దన్నది మిమ్మును గాదు, ఆ కాగితమును. ఉప్పు తక్కువైన కూరను త్రిప్పి పంపినంతమాత్రమున వంటవానిని ఊరినుండి వెళ్లగొట్టినట్లు కాదు గదా.

ఇక తలిదండ్రుల సందేహములు. పబ్లిక్ పరీక్ష దగ్గరపడుచుండగా ఈ పత్రికల వెంట తిరుగుట మార్కులకు చేటు గాదా యని మమ్మడుగుచున్నారు. వారి భయమును మేము తేలికగా త్రోసివేయము. మార్కుల కాగితముతోనే తలుపులు తెరచుకొను లోకమున వారున్నారు. పత్రికకు వ్రాసినచో మార్కులు పెరుగునని మేము హామీ యీయము. అట్లు చెప్పుట మరియొక అబద్ధమగును. ఒక్కమాట మాత్రము చెప్పగలము. పరీక్షలో బాలుడు తెలిసినదానిని తిరిగి చెప్పును, అది అవసరమే. కాని పెద్దవాడై యొక గ్రామమున వైద్యుడైనను, గుమాస్తాయైనను, రైతైనను, ఎవరును ముందుగా వ్రాసియుంచని సంగతిని తానే చూచి, తానే విచారించి, ఎదుటివానికి అర్థమగునట్లు చెప్పవలసిన దినము వచ్చును. ఆ దినమునకు కంఠస్థము చేసిన వ్యాసము పనికిరాదు. సంవత్సరమునకు ఒక్క వ్యాసము, సెలవులలో నాలుగు ఉదయములు – ఇంతకంటె మేమడుగుట లేదు.

మరికొందరు తలిదండ్రులు బిడ్డ పేరు అచ్చులో చూడవలెనను ప్రేమచే తామే వ్రాసియిచ్చుచున్నారు. ఇప్పుడు అడిగిన క్షణమున వ్యాసమును వ్రాసిపెట్టు యంత్రములును వచ్చినవి. యంత్రమును మేము నిందింపము. అది చక్కని వాక్యములు కూర్చగలదు. ఒకప్పుడు మా యెర్రసిరా చేర్చిన ఉపోద్ఘాతమువంటివి మాకంటె వేగముగా కూర్చగలదు. అందుచేతనే ఆ ఉపోద్ఘాతములకు విలువ లేదని మాకిప్పుడు మరింత తేటగా తెలిసినది. మీ వీధిలో ఈ యుదయమున మబ్బు పట్టినదో లేదో, గంజి కాచినదెవరో యంత్రమెరుగదు, ఎరిగినవాడు చెప్పవలసినదే. బిడ్డ పేరుతో ఇతరుల మాటను పంపునపుడు బిడ్డకు మనము నేర్పుచున్నది వ్రాత గాదు. నీ మాటకు విలువ లేదు, నీ పేరు చాలునని నేర్పుచున్నాము. ఏ తల్లియైనను, తండ్రియైనను ఆ పాఠమును కోరి నేర్పరు.

మరియు కొందరు పిల్లలకే ఒక సంకోచము గలదు. మా యింటి పని అచ్చులో వ్రాయదగినదా, తోటివారు నవ్వరా యని. చెప్పులు కుట్టువాని కుమారుడు, ఇటుకలు మోయుదాని కుమార్తె, చేపలు అమ్ముదాని మనుమరాలు మా తరగతులలో నున్నారు. వారు ‘కాలము విలువ’ మీద వ్రాయుటకు కారణము సోమరితనము గాదు. తమ యింటిని దాచుకొనవలెనను తలంపు. ఆ తలంపును వారికి కలిగించినవారము మనమే – నవ్వుటచేత కొందరము, కొట్టివేయుటచేత కొందరము. ఈ యొక్క కారణము చాలును, మేమీ వ్యాసమును వ్రాయుటకు.

కనుక మా ప్రతిపాదనలు మూడు. వచ్చు సంవత్సరపు సంచికలో ‘చూచినది – విన్నది’ అను పేరున కొన్ని పుటలు విద్యార్థుల నిజవృత్తాంతములకే కేటాయింపవలెను. బయటి పత్రికలకు పంపిన రచనలను, వచ్చిన జవాబులను – అంగీకారములను, నిరాకరణములను గూడ – ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. నిరాకరణము సిగ్గుపడవలసినది గాదని చిన్నవారికి తెలియును. ఇక మూడవది ఉపాధ్యాయులకు: ఏ రచనకైనను స్వంతమని సంతకము చేయుటకు ముందు ఆ విద్యార్థిని ఎదుట నిలిపి మూడు ప్రశ్నలడుగవలెను. నీవు ఎచ్చట నుండి చూచితివి? ఎవరినడిగి సరిచూచుకొంటివి? ఇందులో నీది గాని వాక్యమేదైన కలదా?

ఆ నేతవారి బాలుడు ఇప్పుడు పెద్దవాడై వేరొక యూర నున్నాడు. రచయిత కాలేదు; కావలెనని మేమును కోరలేదు. వాని మొదటి కాగితములు రెండును మా మేజా సొరుగులో నున్నవి. అచ్చయిన తరువాత అతడే వచ్చి యిచ్చిపోయెను. ఎర్రసిరా కలము తీయునపుడెల్ల వానిని ఒక్కమారు చూచుకొనుట మాకు వాడుక. ఈ సంవత్సరము సెలవులలో మా విద్యార్థులలో పదిమందియైనను అట్టి కాగితములు వ్రాసి తెత్తురని, మేమును మా తోడి యుపాధ్యాయులును వానిని చెడగొట్టక చదువుదుమని ఆశించుచు విరమించుచున్నాము.